మూత కింద మూడు సెల్స్

కార్డ్‌లెస్ ఫోన్ బ్యాటరీకి వయసైపోయిందని తెలిసే తీరు ఏ ఇంట్లోనైనా ఒకటే. హ్యాండ్‌సెట్ రాత్రంతా బేస్ మీదే ఉంటుంది. స్క్రీన్ మీద గీతలన్నీ నిండుగానే కనిపిస్తాయి. తీరా ఫోనెత్తి నాలుగు మాటలు మాట్లాడేసరికి బీప్ బీప్‌మంటూ కాల్ కట్టయిపోతుంది. ఇంట్లోవాళ్లు దాన్ని పాడైపోయిన ఫోన్ల లెక్కలో వేసి అటకెక్కిస్తారు. చాలాసార్లు ఆ ఫోన్ నిక్షేపంగా ఉంటుంది. వెనక మూత జరిపితే కనిపించే చిన్న ప్యాక్‌కి కాలం తీరింది, అంతే.

ఆ ప్యాక్ గురించి ఎవరూ గొప్పగా చెప్పుకోరు. ధర తక్కువ, కంటికి కనిపించేది మరీ తక్కువ. అయితే ఒక వస్తువులో పనితనం ఎంతుందో తేలేది అది సవ్యంగా నడుస్తున్నప్పటికంటే చెడిపోయేటప్పుడే. ఆ లెక్కన ఈ ప్యాక్ చేసినవాళ్లకి దండం పెట్టాల్సిందే. చార్జింగ్ మితిమీరితే ఏం జరగాలి, లోపల గ్యాస్ పుడితే ఎటు పోవాలి, కనెక్టర్ తిరగేసి పెట్టబోతే ఏది అడ్డుపడాలి, చివరికి దీన్ని ఎక్కడికి చేర్చాలి... ఇవన్నీ ముందే ఆలోచించి కట్టిన వస్తువు ఇది. ఆ ఆలోచనలో ఆఖరి మెట్టు ఒక్కటే మన చేతికి వదిలారు.

పైనుంచి చూస్తే

పాత రకం హ్యాండ్‌సెట్లలో ఎక్కువగా ఉండేది మూడు సెల్స్ ప్యాక్. ఒక్కో సెల్ 1.2 వోల్టులు, మూడూ వరసగా కలిస్తే 3.6. తర్వాత వచ్చిన మోడళ్లలో చాలావాటికి ట్రిపుల్ ఏ సైజు రీచార్జబుల్ సెల్స్ రెండు చాలు, అంటే 2.4 వోల్టులు. పనితనం చూడాలంటే మూడు సెల్స్ ప్యాక్‌నే చేతిలోకి తీసుకోవాలి.

పైన పల్చటి ప్లాస్టిక్ స్లీవ్ ఉంటుంది. అది వేడికి ముడుచుకునే రకం. వదులుగా తొడిగి వేడిగాలి పట్టిస్తే మూడు సెల్స్‌నీ కలిపి బిగించేస్తుంది. జిగురు లేదు, స్క్రూ లేదు. ఒక చివర నుంచి ఎర్ర తీగ, నల్ల తీగ బయటికి వస్తాయి. వాటి కొసన చిన్న ప్లాస్టిక్ కనెక్టర్. దాని ఒక పక్క సన్నటి గట్లు ఉంటాయి. ఫోన్‌లోని సాకెట్‌లో వాటికి సరిపడా గాళ్లుంటాయి కాబట్టి అది ఒక్క తీరులోనే దిగుతుంది. ఆ ఫోన్ కోసమే చేసిన ప్యాక్ అయితే చీకట్లో తడుముకుంటూ పెట్టినా ప్లస్ స్థానంలోకి మైనస్ రాదు. లోపలి లోహపు నాలుకలు రెండూ ప్లాస్టిక్ గోడల మధ్య లోతుగా ఉంటాయి. ప్యాక్ విడిగా సొరుగులో పడి ఉన్నా, తాళంచెవి వచ్చి తగిలినా రెండు కొసలూ కలిసే అవకాశం చాలా తక్కువ.

స్లీవ్ పారదర్శకంగా ఉన్న ప్యాక్ దొరికితే లోపలి పనీ కనిపిస్తుంది. ఒక సెల్ ప్లస్‌ని పక్కదాని మైనస్‌తో కలిపే నికెల్ పట్టీ మీద జంటగా రెండేసి చుక్కలుంటాయి. అవి స్పాట్ వెల్డింగ్ గుర్తులు. రెండు మొనలు పట్టీ మీద ఆన్చి, కన్నుమూసి తెరిచేలోపు పెద్ద కరెంటు పంపితే ఆ చుక్కల దగ్గర మాత్రమే లోహం కరిగి అతుక్కుంటుంది. టంకం పెట్టి అతికించొచ్చు కదా అనిపిస్తుంది. కానీ టంకం కర్ర సెకన్ల తరబడి అక్కడ ఆనితే ఆ వేడి సెల్ లోపలికి దిగి ప్లాస్టిక్ సీలునీ, పలకల మధ్య పొరనీ దెబ్బతీస్తుంది. చుక్కలు సమంగా, అంచులు నల్లబడకుండా ఉంటే చెయ్యి తిరిగినవాళ్ల పని అని అర్థం.

ఇంకా దగ్గరగా చూస్తే ప్రతి సెల్ ప్లస్ మొన చుట్టూ ఒక గట్టి కాగితపు రింగు కనిపిస్తుంది. అది ఎందుకో తెలిస్తే ముచ్చటేస్తుంది. సెల్ బయటి డబ్బా అంతా మైనస్సే. పక్కలూ అడుగూ మాత్రమే కాదు, పైన మడిచిన అంచు కూడా మైనస్సే. ప్లస్ బొడిపెకీ ఆ అంచుకీ మధ్య ఉన్నది సన్నటి సందు. దాని మీదుగా వెళ్లే నికెల్ పట్టీ కాస్త వంగి అంచుకి తగిలితే సెల్ షార్టయిపోతుంది. పైసల ఖరీదు చేసే కాగితపు రింగు ఒకటి ఆ ప్రమాదాన్ని ఆపుతోంది.

లోపలి చుట్ట

సెల్ డబ్బా నికెల్ పూత పూసిన ఉక్కు. అందులో ప్లస్ పలక, మైనస్ పలక, వాటి మధ్య నైలాన్ లేదా పాలీప్రొపిలీన్ బట్ట. ఈ మూడింటినీ పొరలుగా పరిచి చాప చుట్టినట్టు చుట్టి డబ్బాలో దించుతారు. చోటు తక్కువైనా పలకల వైశాల్యం పెరుగుతుంది, కాబట్టి అడిగినంత కరెంటు ఇవ్వగలదు. ప్లస్ వైపు నికెల్ సమ్మేళనం. మైనస్ వైపు నికెల్ కాడ్మియం రకంలో కాడ్మియం, నికెల్ మెటల్ హైడ్రైడ్ రకంలో హైడ్రోజన్‌ని పీల్చుకునే మిశ్రమలోహం. తడి కోసం పొటాషియం హైడ్రాక్సైడ్ అనే ఘాటైన క్షారం. ఆ ద్రవాన్ని బట్ట తడిసేంత మాత్రమే పోస్తారు, మునిగేంత పొయ్యరు. ఆ పొదుపుకి కారణం ఉంది.

కార్డ్‌లెస్ ఫోన్ బతుకంతా బేస్ మీదే. నిండిన తర్వాత కూడా దానికి సన్నగా కరెంటు వెళ్తూనే ఉంటుంది. నిండిన సెల్‌కి ఇంకా కరెంటు ఇస్తే నీరు విడిపోయి ఆక్సిజన్, హైడ్రోజన్ పుడతాయి. మూసిన డబ్బాలో ఆ రెండూ పేరుకుంటే పేలుడే. దీన్ని తప్పించడానికి చేసిన ఉపాయం ఏమిటంటే, మైనస్ పలకని కావాలనే పెద్దది చేశారు. ప్లస్ ముందు నిండుతుంది. అప్పటికి మైనస్‌లో ఇంకా ఖాళీ ఉంటుంది. అందువల్ల ప్లస్ దగ్గర ఆక్సిజన్ మాత్రమే పుడుతుంది, హైడ్రోజన్ పుట్టే వేళ రాదు. బట్ట సగం తడిగానే ఉంది కాబట్టి ఆ ఆక్సిజన్ దాని సందుల్లోంచి అవతలికి వెళ్లి, మైనస్ పలకతో కలిసి మళ్లీ మొదటి స్థితికి వచ్చేస్తుంది. పలకలో ఆ ఖాళీ ఎప్పటికప్పుడు మిగులుతూనే ఉంటుంది. ఎక్కువైన కరెంటంతా చివరికి కాస్త వేడిగా మారి బయటికి పోతుంది. చాలాసేపు బేస్ మీదున్న హ్యాండ్‌సెట్ గోరువెచ్చగా తగిలేది అందుకే.

ఇక్కడ సెన్సర్ లేదు, చిప్ లేదు. రెండు పలకల మధ్య కొలిచి పెట్టిన తేడా, కొలిచి పోసిన తడి, ఆ రెండే కాపలా కాస్తున్నాయి. లిథియం అయాన్ సెల్‌కి ఈ సౌకర్యం లేదు. చార్జింగ్ మీరకుండా దానికి ఎలక్ట్రానిక్ సర్క్యూట్ తోడుండాల్సిందే. నికెల్ సెల్‌లో ఇన్ని చేశాక కూడా పొరపాటున ఒత్తిడి పెరిగితే ప్లస్ బొడిపె కింద రబ్బరు ముక్కతో ఒక వాల్వ్ ఉంది. అది తెరుచుకుని గ్యాస్ వదిలి, మళ్లీ మూసుకుంటుంది.

ఎవరి చేతుల మీదుగా వచ్చింది

నికెల్ కాడ్మియం బ్యాటరీని 1899లో స్వీడన్‌లో వాల్డెమార్ యుంగ్నర్ తయారుచేశాడు. అది మూత తెరిచి ఉండే రకం. గ్యాస్ బయటికి పోయేది, అప్పుడప్పుడు నీళ్లు పొయ్యాల్సి వచ్చేది. ఆ వంశం ఇప్పటికీ నడుస్తోంది. హైదరాబాద్‌లో 1977లో మొదలైన హెచ్‌బీఎల్ సంస్థ రైల్వేలకీ, విమానాలకీ నికెల్ కాడ్మియం బ్యాటరీలు చేస్తుంది. కానీ చెవి దగ్గర పెట్టుకునే వస్తువులో నీళ్లు పోసే బ్యాటరీ కుదరదు. పూర్తిగా మూసేసిన సెల్ 1947 నాటికి సాధ్యమైంది. ఆ ఘనత గెయోర్గ్ నాయ్‌మన్‌ది. మైక్రోఫోన్లకి లోకమంతా పేరుపడ్డ జర్మన్ ఇంజనీరే ఆయన. పుట్టిన ఆక్సిజన్‌ని లోపలే కలిపేసే పద్ధతి అక్కడి నుంచే కుదురుకుంది.

మెటల్ హైడ్రైడ్ రకం కథ వేరే దారిలో మొదలైంది. 1960ల చివర్లో హాలండ్‌లోని ఫిలిప్స్ ప్రయోగశాలలో అయస్కాంతాల మీద పనిచేస్తున్నవాళ్లకి, కొన్ని మిశ్రమలోహాలు హైడ్రోజన్‌ని అమాంతం పీల్చేసుకుంటున్నట్టు కనిపించింది. లాంథనం, నికెల్ కలిసిన లోహంలోకి వెళ్లిన హైడ్రోజన్, ద్రవ హైడ్రోజన్‌లో కంటే కూడా ఒత్తుగా సర్దుకుంటుంది. బ్యాటరీకి ఇంతకంటే ఏం కావాలి? చిక్కేమిటంటే పీల్చినప్పుడు ఆ లోహం నాలుగో వంతు దాకా ఉబ్బుతుంది, వదిలినప్పుడు కుంచించుకుంటుంది. అలా ఉబ్బి తగ్గి, ఉబ్బి తగ్గి పొడైపోయి, క్షారంలో తుప్పు పడుతుంది. ఫిలిప్స్‌లోనే విలెమ్స్ అనే పరిశోధకుడు 1984లో దానికి మందు చూపించాడు. నికెల్‌లో కొంత తీసి కోబాల్ట్ వంటివి కలిపితే ఉబ్బు తగ్గుతుంది, లోహం వందలసార్లు తట్టుకుంటుంది. 1990 ప్రాంతానికి ఆ సెల్స్ బజారుకి వచ్చాయి. కాడ్మియం వాడకుండానే అదే 1.2 వోల్టులు, అదే సైజు, అంతకంటే ఎక్కువ నిల్వ. పాత చోట్లోనే కొత్త సెల్ దూరగలగడం ఆ ఇంజనీర్ల మర్యాద అనుకోవాలి.

ఎలా ముసలిదవుతుంది

వాల్వ్ తెరుచుకున్న ప్రతిసారీ కాస్త తడి పోతుంది. ఏళ్ల తరబడి వేడి తగిలి పలకల మధ్య బట్ట ఎండిపోతుంది. తడి తగ్గితే లోపలి నిరోధం పెరుగుతుంది. అలాంటి సెల్ ఊరకే ఉన్నప్పుడు వోల్టేజీ బాగానే చూపిస్తుంది కాబట్టి గీతలు నిండుగా ఉంటాయి. మాట్లాడటం మొదలై కరెంటు లాగగానే వోల్టేజీ కిందికి జారిపోతుంది. నాలుగు మాటలకే కాల్ కట్టయ్యేది ఇందుకే. నికెల్ కాడ్మియం రకంలో ఇంకో చావూ ఉంది. కాడ్మియం సూదుల్లాంటి స్ఫటికాలుగా పెరిగి బట్టని పొడుచుకుని అవతలి పలకని తాకుతుంది. అప్పుడు ఆ సెల్ లోపలే షార్టయి, మూడు సెల్స్ ప్యాక్ రెండు సెల్స్‌దిగా మారిపోతుంది.

సీలు దగ్గర తెల్లటి పొడి కనిపిస్తే క్షారం బయటికి పాకి గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి పొటాషియం కార్బొనేట్‌గా మారిందన్నమాట. దాన్ని వట్టి చేత్తో ముట్టుకోకూడదు. చేతికి తొడుగు వేసుకుని, వెనిగర్‌లో తడిపి పిండిన గుడ్డతో తుడిచి, ఆరబెట్టాలి. కంట్లో పడితే నీళ్లతో బాగా కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

మార్చేటప్పుడు

కొత్త ప్యాక్ కోసం హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే కోఠీ గుజరాతీ గల్లీ లాంటి చోటికి వెళ్తే పాత ప్యాక్‌నే పట్టుకెళ్లడం మేలు. చూడాల్సినవి లేబుల్ మీదే ఉంటాయి. వోల్టులు అచ్చంగా అవే ఉండాలి. మిల్లీ ఆంపియర్ అవర్లు కొంచెం ఎక్కువైనా ఫర్వాలేదు, నిండటానికి ఆ మేరకు టైము పడుతుంది. రకం కూడా చూడాలి. పాత ఫోన్ నికెల్ కాడ్మియం కోసం చేసిందైతే అందులో మెటల్ హైడ్రైడ్ వేయొచ్చో లేదో మాన్యువల్‌లో చూసుకోవాలి. నిండాక కూడా ఆగకుండా వచ్చే కరెంటుని మెటల్ హైడ్రైడ్ అంతగా ఓర్చుకోదు. అన్నిటికంటే ముఖ్యంగా కనెక్టర్ చూడాలి. అచ్చు ఒకేలా ఉన్న కనెక్టర్‌కి ఒక కంపెనీ ఎర్ర తీగ ఎడమన, ఇంకో కంపెనీ కుడిన పెట్టి ఉండొచ్చు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, గట్లు ఒకే వైపు ఉండేలా తిప్పి, రంగులు కలిశాయో లేదో చూస్తే సరిపోతుంది.

తీసేటప్పుడు తీగ పట్టుకుని లాగకూడదు. కనెక్టర్‌నే గోటితో లేపి తీయాలి. కొత్తది పెట్టాక తీగల్ని వాటి గాడిలో పడుకోబెట్టాలి. మూత కింద నలిగితే పైతొడుగు తెగి అక్కడే షార్టవుతుంది. హ్యాండ్‌సెట్ అడుగున, బేస్ మీద ఉన్న చార్జింగ్ లోహపు మొనల్ని పొడిగుడ్డతో తుడవాలి. జిడ్డు పట్టిన మొనల వల్ల సగం చార్జింగే జరిగి, కొత్త బ్యాటరీకి చెడ్డపేరు వస్తుంటుంది. మొదటిసారి మాన్యువల్ చెప్పినంతసేపూ ఉంచాలి. కొన్ని పాత ఫోన్ల మాన్యువల్స్‌లో 16 గంటలని ఉండేది. బ్యాటరీ నిల్వలో పదో వంతు కరెంటుతో నింపే పద్ధతిలో, దారిలో పోయేది పోగా నిండటానికి నిజంగానే అంతసేపు పడుతుంది.

విడి సెల్స్ వేసే ఫోన్లయితే రెండూ ఒకేసారి, ఒకే రకానివి మార్చాలి. ఒకటి పాతది, ఒకటి కొత్తది వేస్తే పాతది ముందు ఖాళీ అవుతుంది. కొత్తది దాని గుండా కరెంటు నెడుతూనే ఉంటుంది కాబట్టి పాత సెల్ ధ్రువాలు తారుమారై, గ్యాస్ పుట్టి, వాల్వ్ తెరుచుకుంటుంది. ఇక రిమోట్‌లోని మామూలు ఆల్కలైన్ సెల్స్‌ని మాత్రం ఇందులో వెయ్యనే కూడదు. సైజు సరిగ్గా సరిపోతుంది, అదే ప్రమాదం. వాటికి ఆక్సిజన్‌ని కలిపేసుకునే ఏర్పాటు లేదు. బేస్ మీద పెడితే కారతాయి, పగలనూవచ్చు.

పాతదాన్ని ఏం చెయ్యాలి

నికెల్ కాడ్మియం ప్యాక్ బరువులో దాదాపు ఆరో వంతు కాడ్మియమే. అది ఒంట్లో చేరితే మూత్రపిండాల్లో ఏళ్ల తరబడి ఉండిపోతుంది, ఎముకల్ని పెళుసు చేస్తుంది. జపాన్‌లో ఒక గని నుంచి జింజూ నదిలోకి చేరిన కాడ్మియం, టొయామా ప్రాంతంలో ఆ నీళ్లు పారిన వరిపొలాల మీదుగా అన్నంలోకి వచ్చింది. అలా వచ్చిన ఇటాయ్ ఇటాయ్ వ్యాధికి కారణం కాడ్మియమేనని జపాన్ ప్రభుత్వం 1968లో అధికారికంగా ఒప్పుకుంది. వరి మొక్క కాడ్మియాన్ని నేలలోంచి సులువుగా లాగేస్తుంది. మూడు పూటలా అన్నం తినే మనకి ఈ సంగతి దూరదేశపు కబురు కాదు.

చెత్తబుట్టలో వేస్తే రెండు దారులున్నాయి. ఒకటి డంపింగ్ యార్డు నేల. రెండోది నిప్పు. హైదరాబాద్ జవహర్‌నగర్‌లోనూ, విశాఖపట్నం, గుంటూరుల్లోనూ చెత్తని కాల్చి కరెంటు తీసే ప్లాంట్లు ఉన్నాయి. కాడ్మియం 767 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగి ఆవిరవుతుంది, అలాంటి కొలిమి అంతకంటే వేడిగానే ఉంటుంది. ఆవిరైనది బూడిదలోకో గాలిలోకో చేరాల్సిందే.

మన దేశంలో 2001 నాటి బ్యాటరీ నియమాలు లెడ్ యాసిడ్ బ్యాటరీల గురించే మాట్లాడాయి. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు అన్ని రకాల్నీ కలుపుకున్నాయి. వాడేసిన బ్యాటరీలను పూడ్చకూడదు, కాల్చకూడదు అన్నాయి. తిరిగి సేకరించి రీసైక్లింగ్‌కి పంపే బాధ్యతని తయారీదారుల మీద పెట్టాయి. మామూలు చెత్తలో కలపకుండా విడిగా అప్పగించే బాధ్యత వాడకందారుది. లేబుల్ మీద అడ్డంగా కొట్టేసిన చక్రాల చెత్తడబ్బా బొమ్మ చెప్పేది అదే. కాడ్మియం ఉంటే దాని కింద సీడీ అనే ఇంగ్లీషు అక్షరాలుంటాయి.

ఇంట్లో చెయ్యాల్సింది చాలా తక్కువ. స్లీవ్ చింపొద్దు, సెల్ విప్పొద్దు. అయిపోయిందనుకున్న ప్యాక్‌లోనూ షార్టయితే ప్లాస్టిక్ కరిగేంత చార్జి మిగిలి ఉంటుంది. అందుకని కనెక్టర్ నోటికీ, విడి సెల్ అయితే రెండు కొసలకీ ఇన్సులేషన్ టేపు వేసి, ఒక్కోదాన్ని విడివిడిగా ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఎండ తగలని పొడిచోట ఉంచాలి. పాత ఇనుప సామాన్ల బండికి తూకానికి వెయ్యకుండా, ఈ-వేస్ట్ సేకరణ కేంద్రానికో, బ్యాటరీలు తీసుకునే ఎలక్ట్రానిక్స్ షోరూముకో, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న రీసైక్లర్‌కో ఇవ్వాలి. అమెరికాలో ఉన్న మనవాళ్లకి హోమ్ డిపో, లోస్ వంటి దుకాణాల్లో ఇందుకు డబ్బాలుంటాయి.

అక్కడి నుంచి పని మళ్లీ చెయ్యి తిరిగినవాళ్లది. మూసిన కొలిమిలో వేడిచేస్తే ముందు కాడ్మియం ఆవిరై లేస్తుంది. దాన్ని చల్లార్చి స్వచ్ఛమైన లోహంగా పట్టుకుంటారు, మళ్లీ బ్యాటరీల్లోకే పంపొచ్చు. ఇనుము, నికెల్ కరగాలంటే ఇంచుమించు రెట్టింపు వేడి కావాలి కాబట్టి అవి కొలిమిలోనే మిగిలి స్టెయిన్‌లెస్ స్టీలు తయారీకి వెళ్తాయి. చెత్తమంటలో కాడ్మియాన్ని విషవాయువు చేసిన గుణమే, సరైన కొలిమిలో దాన్ని విడదీసే సాధనం అవుతోంది.

ఇదంతా జరగాలంటే మొదట బ్యాటరీ ఫోన్‌లోంచి బయటికి రావాలి. ఆ మూత ఊరికే పెట్టింది కాదు. అమెరికా 1996లో చేసిన చట్టం, నికెల్ కాడ్మియం బ్యాటరీ సులువుగా ఊడి రావాలనీ, రీసైకిల్ చెయ్యాలన్న మాట దాని మీద రాసి ఉండాలనీ షరతు పెట్టింది. అక్కడ అమ్మిన చాలా ప్యాక్‌ల మీద, పాతది ఎక్కడివ్వాలో కనుక్కోవడానికి ఫోన్ నంబరుతో సహా ముద్ర ఉండేది. ఆ తర్వాతి కాలంలో చాలా మొబైళ్లూ ఇయర్‌బడ్లూ బ్యాటరీని జిగురుతో లోపల అతికించేశాయి. ఇప్పుడు యూరప్ 2023లో చేసిన నియమం ప్రకారం, 2027 ఫిబ్రవరి నుంచి అక్కడ అమ్మే చాలా పరికరాల్లో చిన్న బ్యాటరీలను వాడేవాళ్లే తీసి మార్చుకోగలగాలి. గోటితో జరిగే మూత, ఒక్క తీరులోనే దిగే కనెక్టర్ ఉన్న పాత కార్డ్‌లెస్ ఫోన్ ఆ పరీక్షలో ఏ మార్పూ లేకుండా నెగ్గుతుంది. కొత్త ప్యాక్ మీద మార్కర్‌తో నెలా సంవత్సరం రాసుకుని మూత వెయ్యండి, పాతదాన్ని టేపు వేసి ఈ నెలలోనే అప్పగించండి. చేసినవాళ్లు మనకి మిగిల్చిన పని అంతే.